వాల్వు ఆంప్లిఫయర్‌కి ఏ ట్రాన్స్‌ఫార్మర్? తిరుపతి, చిత్తూరు కరెంటుకి సరిపడేది ఎంచుకోవడం

వాల్వులతో, అంటే పాతకాలపు గాజు ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్‌కి పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌గా టొరాయిడల్ (గారెలా గుండ్రని కోర్ ఉన్నది) మంచిదా, మామూలు ఈఐ కోర్ (ఈ, ఐ ఆకారపు ఇనుప రేకులు పేర్చినది) చాలా, ఫారిన్‌ది తెప్పించాలా, లేక ఇక్కడే చుట్టించుకోవాలా అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. రాత్రి పదకొండు గంటలకి మీ ఇంటి ప్లగ్గులో ఎన్ని వోల్టులు వస్తున్నాయని తిరిగి అడిగితే మాత్రం జవాబు రాదు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంపిక ఆ జవాబుతోనే మొదలవుతుంది. బ్రాండు, ఆకారం, బరువు అన్నీ దాని తర్వాతే.

కాబట్టి ముందు ఒక డిజిటల్ మీటర్ తీసుకుని వారం పాటు పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి, పడుకునే ముందు ఒకసారి గోడ ప్లగ్గులో వోల్టేజి చూసి రాసిపెట్టుకోండి. కాగితం మీద మన సరఫరా 230 వోల్టులు, దానికి అటూ ఇటూ 6 శాతం, అంటే 216 నుంచి 244 దాకా ఏది వచ్చినా నిబంధన లోపలే ఉన్నట్టు. తిరుపతి టౌన్లో వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గరున్న ఇల్లయితే రాత్రి లోడు తగ్గాక 240 దాటడం వింతేం కాదు. పాకాల, ఐరాల వైపు పల్లెల్లో లైను చివరి ఇల్లయితే బోరు మోటార్లు ఆడే వేళ 200కి దిగేవీ ఉంటాయి. ఒకే ఆంప్లిఫయర్‌ని ఈ రెండు ఇళ్లలో పెడితే రెండు చోట్లా వాల్వులు పాడవుతాయి, పాడయ్యే తీరు మాత్రం వేరు.

లెక్క సింపుల్. ట్రాన్స్‌ఫార్మర్‌లో గోడ కరెంటు పోయే చుట్టు ప్రైమరీ, అవతల వోల్టేజి ఇచ్చేది సెకండరీ. వాల్వుని లోపల వేడిచేసే హీటర్‌కి 6.3 వోల్టులు ఇచ్చే సెకండరీయే హీటర్ వైండింగ్, దాని వోల్టేజి ప్రైమరీకి వచ్చేదాన్ని అనుసరించి పోతుంది. 220 వోల్టుల ప్రైమరీ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి 242 ఇస్తే, 6.3 రావాల్సిన చోట 6.93 వస్తుంది, సరిగ్గా 10 శాతం ఎక్కువ. 230 ప్రైమరీ అయితే 6.63. 240 ప్రైమరీ అయితే 6.35, అంటే దాదాపు ఉండాల్సిన చోటే. అదే 240 ప్రైమరీ ఉన్నదాన్ని 200 వోల్టులు వచ్చే పల్లె ఇంట్లో పెడితే 5.25కి పడిపోతుంది, అక్కడ 220 ప్రైమరీయే నయం, 5.7 అయినా ఇస్తుంది. "ఏది మంచి ట్రాన్స్‌ఫార్మర్" అన్న ప్రశ్నకి ఊరు, వీధి తెలియకుండా జవాబు చెప్పేవాళ్ల మాట నేను పెద్దగా పట్టించుకోను.

అర వోల్టుకి అంత గొడవ ఎందుకు

వాల్వు కేథోడ్ మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత ఉంటుంది. ఎలక్ట్రాన్లు వచ్చేది దాన్నుంచే. హీటర్ ఎక్కువ వేడెక్కితే ఆ పూత నెమ్మదిగా ఆవిరైపోయి పక్కనున్న గ్రిడ్ (ఎలక్ట్రాన్లని అదుపు చేసే తీగల జాలి) మీద పేరుకుంటుంది, తర్వాత గ్రిడ్ కూడా ఎలక్ట్రాన్లు వదలడం మొదలుపెడుతుంది, బయాస్ (గ్రిడ్ మీద ఉంచే అదుపు వోల్టేజి) జారిపోతుంది, ఎలక్ట్రాన్లు చేరే ప్లేటు ఎర్రబడుతుంది. హీటర్‌కీ కేథోడ్‌కీ మధ్య లీకేజి వచ్చి "గుయ్" మనే హమ్ పెరగడం ఇంకో బాధ. తక్కువైతే? పూత చాలినంత వేడెక్కదు, అయినా హెచ్‌టీ (ప్లేటుకి ఇచ్చే వందల వోల్టుల డీసీ) మాత్రం కరెంటు లాగుతూనే ఉంటుంది, నీళ్లు లేని బోరులో మోటారు ఆడించినట్టు. శబ్దంలో బిగువు పోతుంది, కేథోడ్ ముందే అలిసిపోతుంది.

పాత డేటా పుస్తకాల్లో మామూలు వాల్వులకి 10 శాతం వరకు వెసులుబాటు ఇస్తారు. అది హద్దు, అక్కడే కాపురం పెట్టమని కాదు. 5 శాతం లోపల, అంటే 6.0 నుంచి 6.6 మధ్య ఉంచుకోగలిగితే నిశ్చింత. వాల్వులు చవగ్గా దొరికే కాలం పోయింది. మన భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) చేసిన పాత ఈఎల్84 పవర్ వాల్వుల జత ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్లు దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మిగుల్చుకున్న డబ్బు ఏడాది తిరక్కుండా వాల్వుల కింద పోతుంది.

ఇంకోటి మర్చిపోకూడదు, హీటర్ ఒక్కటే పెరగదు, హెచ్‌టీ కూడా అదే శాతం పెరుగుతుంది. 220 దగ్గర 420 వోల్టులు వచ్చేలా చేసిన సెట్టులో 450 వోల్టుల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటే, మన 242 దగ్గర అవి 462 మోయాల్సి వస్తుంది. చైనా కిట్లలో కెపాసిటర్ ఉబ్బడానికి చాలాసార్లు కారణం ఇదే, కెపాసిటర్ కంపెనీని తిట్టుకుని లాభం లేదు.

హీటర్ వోల్టేజి కొలిచేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ వైర్ల దగ్గర కాదు, సాకెట్ పిన్నుల దగ్గర కొలవాలి, అదీ వాల్వులన్నీ పెట్టి, పావుగంట వేడెక్కాక. ఈఎల్84కి 4, 5 పిన్నులు, పెద్ద పవర్ వాల్వులు ఈఎల్34, 6ఎల్6కి 2, 7, చిన్న సిగ్నల్ వాల్వు 12ఏఎక్స్7ని 6.3 మీద నడుపుతుంటే 4, 5 కలిపిన చోటు నుంచి 9కి. లోడు లేకుండా చూస్తే ఏ ట్రాన్స్‌ఫార్మర్ అయినా ఆరేడు శాతం ఎక్కువే చూపిస్తుంది, చూసి కంగారు పడొద్దు. పక్క పిన్నుల్లోనే 300, 400 వోల్టులు ఉంటాయి కాబట్టి క్లిప్పు ప్రోబులు ముందే తగిలించి తర్వాత స్విచ్ వేయండి, ఒక చెయ్యి జేబులోనే ఉండాలి. ఇది పాత మెకానిక్కులు అందరూ చెప్పేదే, పాటించేది కొందరే.

ఇక్కడే చుట్టించుకోవడం

నా ఓటు దీనికే, కాస్త వివరంగా చెప్తాను. చిత్తూరు జిల్లాలో బోర్లకి కొదవ లేదు కాబట్టి మోటారు రీవైండింగ్ షాపులకీ కొదవ లేదు. వాటిలో స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే అలవాటున్న మేస్త్రీని వెతుక్కోండి. సబ్‌మెర్సిబుల్ మోటార్లు మాత్రమే చేసేవాళ్లకి 34 గేజి సన్న తీగతో (గేజి అంకె పెరిగే కొద్దీ తీగ సన్నం) పొర మీద పొర వరసగా వేసే ఓపిక ఉండదు, గుత్తగా చుట్టేస్తారు, హెచ్‌టీ వైండింగ్‌లో మొదటి చుట్టూ చివరి చుట్టూ పక్కపక్కన పడితే ఏదో ఒకరోజు లోపల్లోపలే పేలుతుంది. ప్రతి పొరకీ మధ్య మైలార్ గానీ లెదరాయిడ్ పేపర్ గానీ వేస్తావా అన్నా అని అడగండి. ఆయన చెప్పే జవాబులోనే సగం విషయం తెలిసిపోతుంది.

మేస్త్రీకి "6.3 వోల్టులు, 4 ఆంపియర్లు" అని నోటితో చెప్పి వచ్చేయకుండా కాగితం మీద లెక్క వేసుకుని వెళ్లండి. ఉదాహరణకి ఈఎల్84 పుష్‌పుల్ (ఒక్కో చానెల్‌కి జతగా రెండు వాల్వులు) స్టీరియో అనుకుందాం. ఒక్కో ఈఎల్84 హీటర్ 0.76 ఆంపియర్, నాలుగుకి 3.04. మూడు 12ఏఎక్స్7లు, ఒక్కోటి 0.3, అవి 0.9. మొత్తం 3.94, అంటే 4 ఆంపియర్లు. తీగలో చదరపు మిల్లీమీటరుకి రెండున్నర ఆంపియర్ల చొప్పున పోతే 17 గేజి రాగి తీగ కావాలి. 18 గేజి వేస్తానంటే ఒప్పుకోవచ్చు, కానీ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, వోల్టేజి కాస్త ఎక్కువ పడుతుంది. 20 గేజి అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇప్పుడు చుట్లు. కోర్ మధ్య కాలు అడ్డకోత పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లు ఉంటే, 50 హెర్ట్జ్ దగ్గర ఫ్లక్స్ (కోర్‌లోని అయస్కాంత బలం) 1.2 టెస్లాకి మించకుండా వోల్టుకి 3 చుట్లు పడతాయి. 240 వోల్టుల ప్రైమరీకి 720 చుట్లు. హీటర్‌కి లెక్క ప్రకారం 18.9 చుట్లు రావాలి, కానీ పావు చుట్టు, ముప్పావు చుట్టు అనేవి ఉండవు, 19 వేయాలి లేదా 20 వేయాలి. 19 వేస్తే లోడు లేనప్పుడు 6.33 చూపించి, వాల్వులు లాగేసరికి 5 శాతం తగ్గి 6.0కి వస్తుంది. 20 వేస్తే ఖాళీగా 6.67, లోడు మీద 6.33. 21 వేస్తే లోడు మీద కూడా 6.65. ఒక్క చుట్టు తేడా వోల్టులో మూడో వంతు. మేస్త్రీ అందాజాగా "ఒకటి ఎక్కువే వేశాను సార్, మంచిదే" అంటాడు, ఆ మంచి మనకొద్దు. 20 అని కాగితం మీద రాసి, కింద గీత గీసి ఇవ్వండి.

ప్రైమరీలో ఒకే వోల్టేజి కాకుండా 0-225-240 అని రెండు ట్యాపులు (చుట్టులోంచి బయటికి తీసిన కొసలు) తీయించుకోండి, అదనంగా అయ్యే తీగ ఖర్చు అసలు లెక్కలోకే రాదు. వారం పాటు మీరు రాసిపెట్టుకున్న అంకెలు చూసి ఏ ట్యాపుకి సోల్డర్ చేయాలో నిర్ణయించుకోవచ్చు, ఇల్లు మారితే మార్చుకోవచ్చు. ప్రైమరీ, సెకండరీల మధ్య ఒక రాగి రేకు షీల్డు కూడా అడగండి, దాని రెండు కొసలూ ఒకదానికొకటి తగలకూడదని గట్టిగా చెప్పండి, తగిలితే అది షార్టయిన ఒక చుట్టు అవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం వేడెక్కి కూర్చుంటుంది.

మోసం ఎక్కడ జరుగుతుంది? రెండు చోట్ల. ఒకటి తీగ: రాగి ధర పెరిగే కొద్దీ అల్యూమినియం తీగ మీద అదే రంగు ఎనామిల్ వేసి అమ్ముతున్నారు, కొన్నిటికి పైన రాగి పూత కూడా ఉంటుంది. బ్లేడుతో గీకితే తెల్లగా వస్తే అల్యూమినియం. పూత ఉన్నదయితే కొస కత్తిరించి అడ్డకోత చూడండి. రీలు చేతిలోకి తీసుకుంటేనే బరువులో తేడా తెలుస్తుంది. రెండోది కోర్: పాత స్టెబిలైజర్లు విప్పిన స్టాంపింగ్‌లు (కోర్ రేకులు) తుప్పుతో సహా మళ్లీ వేసేవాళ్లున్నారు, పైగా తీగ మిగుల్చుకోవడానికి వోల్టుకి 3 బదులు రెండున్నర చుట్లే వేస్తారు. 220 దగ్గర టెస్ట్ చేస్తే బాగానే ఉంటుంది, రాత్రి 245 వచ్చేసరికి కోర్ సాచురేట్ అయ్యి (ఇక అయస్కాంత బలం మోయలేక) గుర్రుమంటుంది, వాల్వులు తీసేసినా కాలిపోతుంది. లోడు లేకుండానే గంటలో బాగా వేడెక్కే ట్రాన్స్‌ఫార్మర్ ఎవరు చుట్టినా సరే వెనక్కి ఇచ్చేయండి. మే నెలలో మనకి గదిలోనే 40 డిగ్రీలు ఉంటాయి, దాని పైన పెరిగే వేడి లెక్క వేసుకోవాలి. కుప్పం, పలమనేరు వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు.

మోటారు షాపుల్లో సాధారణంగా మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) ఉంటుంది. ప్రైమరీకీ సెకండరీకీ, రెండిటికీ కోర్‌కీ మధ్య 500 వోల్టుల మీద చూపించమని అడగండి, వంద మెగాఓమ్‌ల పైన ఉండాలి. వార్నిష్‌లో ముంచి ఓవెన్‌లో ఆరబెట్టాకే ఈ టెస్ట్. పైపైన బ్రష్‌తో పూసిన వార్నిష్ వార్నిష్ కాదు, రంగు.

మైక్ సెట్ల ట్రాన్స్‌ఫార్మర్లు, పాత రేడియోలవి

గంగమ్మ జాతరకీ పెళ్లిళ్లకీ మైక్ సెట్లు అద్దెకిచ్చే పాత అంగళ్లలో వాల్వు ఆంప్లిఫయర్లు ఇంకా అటక మీద ఉంటాయి. ఇనుము, రాగి లోభం లేకుండా వేసిన కాలం అది. ఈఎల్34 జతని నడిపిన ట్రాన్స్‌ఫార్మర్ దొరికితే ఇంట్లో వాడే ఆంప్లిఫయర్‌కి పుష్కలం. కొన్నిటిలో ప్రైమరీకి 200 నుంచి 250 దాకా ట్యాపులు ఉంటాయి, అవి ఉన్నది మాత్రం వదలొద్దు. భయం ఒక్కటే, ఇన్సులేషన్ పాతది, ఏళ్ల తరబడి చెమ్మ పట్టి ఉంటుంది. మెగ్గర్ పెట్టకుండా కొనొద్దు, వాసన చూడండి, ఒకసారి కాలిన వార్నిష్ వాసన ఎన్నేళ్లయినా పోదు.

రేడియోల నుంచి తీసినవి చిన్నవి. ఒకటి రెండు ఈఎల్84లు, ఒక 12ఏఎక్స్7, అంతవరకే. ఇంకో జాగ్రత్త: వాల్వుల పేర్లు "యూ" అక్షరంతో మొదలయితే, అంటే యూసీఎల్82 లాంటివి ఉంటే, ఆ రేడియోలో హీటర్లన్నీ వరసగా (సిరీస్‌లో) 100 మిల్లీఆంపియర్ల మీద నేరుగా మెయిన్స్‌కే కలిపి ఉంటాయి, చాసిస్‌లోకే కరెంటు రావచ్చు. అందులో మీకు పనికొచ్చే హీటర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, షాక్ మాత్రం ఉంటుంది. "ఈ" తో మొదలయ్యేవి 6.3 వోల్టులవి.

గుజిరీ సరుకు కోసం చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్లేవాళ్లు వెళ్తారు, సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది, సరదా కూడా. కానీ అక్కడ కొన్న బరువు ట్రాన్స్‌ఫార్మర్‌లో లోపం ఉంటే వెనక్కి మోసుకెళ్లడం ఎవరి వల్లా కాదు. వీధి చివరి మేస్త్రీ అయితే రేపు పొద్దున తలుపు కొట్టొచ్చు.

విదేశాల నుంచి వచ్చిన సెట్లు, కొత్త ఫారిన్ ట్రాన్స్‌ఫార్మర్లు

ఇక్కడ చాలామంది తడబడేది 110 వోల్టుల కన్వర్టర్ దగ్గర. 230 నుంచి 110కి దించే పెట్టె దేనికైనా సరిపోతుందనుకుంటారు. అమెరికాలో అరవైల నాటి ఆంప్లిఫయర్లు 117 వోల్టులకి చేసినవి. మన 242 దగ్గర ఆ పెట్టె 115.7 ఇస్తుంది, హీటర్‌కి 6.23 వస్తుంది, భేషుగ్గా సరిపోయింది. జపాన్ లోపలి మార్కెట్‌కి చేసిన సెట్టు 100 వోల్టులది. దాన్ని అదే పెట్టెకి తగిలిస్తే హీటర్‌కి 7.3 పోతుంది. చూడ్డానికి రెండూ ఫారిన్ సెట్లే, ప్లగ్గు కూడా దాదాపు ఒకటే. జపాన్ సెట్టుకి 100 వోల్టులు ఇచ్చే స్టెప్‌డౌన్ వేరే చుట్టించుకోవాలి, దీనికి దొడ్డిదారి లేదు.

ఫ్రీక్వెన్సీ విషయంలో మాత్రం జపాన్‌దే పైచేయి. ఆ దేశంలో తూర్పున 50, పడమర 60 హెర్ట్జ్ ఉండటంతో వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్లు రెండిటికీ పనికొచ్చేలా చేస్తారు. అమెరికా సెట్టు 60కి మాత్రమే చేసినదయితే మన 50 మీద కోర్‌లో ఫ్లక్స్ 20 శాతం పెరుగుతుంది, వేడెక్కుతుంది, మూలుగుతుంది. అలాంటిది కొనేముందు ప్లేటు మీద 50/60 అని రాసుందో లేదో చూడండి. 60 అని మాత్రమే ఉంటే, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చే ఖర్చు కూడా ధరలో కలుపుకుని బేరమాడండి. ఇంకా, చౌక కన్వర్టర్లు చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు, రెండు వైపులకీ మధ్య విడి ఉండదు. పాత రెండు పిన్నుల సెట్టుకి ఐసొలేషన్ (రెండు వైపులకీ విడివిడి చుట్లు) ఉన్నదే వాడాలి, మూడో పిన్ను వేసి చాసిస్‌ని ఎర్త్ చేయాలి.

కొత్తగా హేమండ్ కంపెనీవి లాంటివి తెప్పించుకోవాలంటే సరుకులో వంక పెట్టడానికేం లేదు, కొన్ని మోడళ్లలో 100 నుంచి 240 దాకా ప్రైమరీ ట్యాపులు ఉంటాయి, చెప్పిన కరెంటుకి చెప్పిన వోల్టేజి వస్తుంది. కానీ ఇనుప ముద్దకి షిప్పింగ్, కస్టమ్స్ కట్టాలి, అవి వస్తువు ధరకి దగ్గరదగ్గరగా పోతాయి. విలువైన 300బీ వాల్వుల సెట్టు కడుతున్నారా, తెప్పించుకోండి. ఈఎల్84 సెట్టుకి నేనయితే పెట్టను.

టొరాయిడల్ గురించి రెండు ముక్కలు. చుట్టూ పారే అయస్కాంత క్షేత్రం తక్కువ, బరువు తక్కువ, ఎత్తు తక్కువ. కానీ మెయిన్స్‌లో కొద్దిపాటి డీసీ కలిసినా గుర్రుమంటుంది, స్విచ్ వేయగానే ఒక్కసారిగా కరెంటు లాగి ఫ్యూజు కొట్టేస్తుంది, వోల్టుకి చుట్లు తక్కువ కాబట్టి 6.3ని కచ్చితంగా సాధించడం ఇంకా కష్టం. పైగా దాన్ని వరసగా చుట్టడానికి ప్రత్యేకమైన మెషీన్ కావాలి, అందరి దగ్గరా ఉండదు. స్థలం కరువైతే తప్ప వద్దు.

ఇప్పటికే కొనేసినవాళ్లకి

220 ప్రైమరీ ఉన్న చైనా కిట్ ఇంట్లో ఉంది, హీటర్ 6.9 చూపిస్తోంది, ఏం చేయాలి? మూడు దారులున్నాయి.

చవకైనది రెసిస్టర్. 4 ఆంపియర్ల సెట్టులో హీటర్ వైర్లు రెండిటిలోనూ ఒక్కోటి 0.1 ఓమ్, 5 వాట్ల వైర్‌వౌండ్ పెడితే ముప్పావు వోల్టు దాకా తగ్గి 6.15 దగ్గరికి వస్తుంది. రెండు వైర్లలోనూ పెట్టాలి, ఒకదాంట్లోనే పెడితే హమ్ బ్యాలెన్స్ చెడుతుంది. దీనితో హెచ్‌టీ మాత్రం తగ్గదు.

రెండోది బకింగ్ ట్రాన్స్‌ఫార్మర్, నాకు ఎక్కువ నచ్చిన పద్ధతి. ఏ ఎలక్ట్రానిక్స్ అంగట్లోనైనా దొరికే 12-0-12, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని, దాని ప్రైమరీని మెయిన్స్‌కి ఇచ్చి, 24 వోల్టుల సెకండరీని ఆంప్లిఫయర్‌కి పోయే ఫేజు వైర్లో ఎదురు ఫేజులో వరసగా కలపాలి. 242 నుంచి 25 పోయి 217 వస్తుంది, హీటర్ 6.2కి దిగుతుంది, హెచ్‌టీ కూడా తగ్గుతుంది, కెపాసిటర్లు బతుకుతాయి. ఎదురు ఫేజు కాకుండా అదే ఫేజులో కలిపేస్తే 267 వస్తుంది, కాబట్టి ఆంప్లిఫయర్ తగిలించకముందే మీటర్‌తో చూసుకోవాలి. అన్నిటినీ ఒక మూసిన పెట్టెలో పెట్టి ఫ్యూజు వేయండి. సాయంత్రం వోల్టేజి 215కి పడే ఇంట్లో మాత్రం ఇది కష్టం, అక్కడ 192 అయిపోతుంది, హీటర్ 5.5కి జారుతుంది. అలాంటి ఇంటికి మూడో దారే గతి.

ఆ మూడోది స్టెబిలైజర్. ఫ్రిజ్‌కి వాడే రిలే రకం టక్కున మారినప్పుడల్లా స్పీకర్లో వినిపిస్తుంది, పైగా మెట్లు మెట్లుగా మారుతుంది కాబట్టి ఐదారు శాతం తేడా అలాగే ఉండిపోతుంది. సర్వో స్టెబిలైజర్ అయితే మెత్తగా సర్దుతుంది, కాకపోతే ఖరీదు. రోజంతా 200కీ 245కీ మధ్య ఊగే పల్లె ఇంటికి ఇది తప్పదు, టౌన్లో దండగ.

ఇన్వర్టర్ మీద పాటలు వినేవాళ్లకి ఒక హెచ్చరిక. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌లో హీటర్‌కి పెద్ద నష్టం లేదు, ఎందుకంటే హీటర్ చూసేది ఆర్ఎంఎస్ విలువని (వేడి పుట్టించే సగటు లాంటిది). హెచ్‌టీ వచ్చేది మాత్రం పీక్ (తరంగం శిఖరం) నుంచి, అది బాగా తగ్గిపోతుంది, శబ్దం సన్నబడి, పైన బర్రుమనే గోల చేరుతుంది. దీని మీద చౌక మీటర్‌తో కొలిస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ట్రూ ఆర్ఎంఎస్ మీటర్ అయితేనే నమ్మండి. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే ఈ బాధలేవీ లేవు.

హీటర్లకి డీసీ ఇవ్వాలా అని అడుగుతుంటారు. పవర్ వాల్వులకి అక్కర్లేదు. ఏసీ వైర్లు మెలిపెట్టి చాసిస్ మూలగా పోనిచ్చి, సెంటర్ ట్యాప్ గానీ రెండు 100 ఓమ్‌ల రెసిస్టర్లు గానీ ఎర్త్‌కి వేస్తే చాలు. గ్రామఫోన్ రికార్డుల ఫోనో ప్రీఆంప్‌కి (సూది నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచేది) మాత్రం డీసీ ఇచ్చిన తేడా చెవికి తెలుస్తుంది. దానికి ఎల్ఈడీ స్ట్రిప్పులకి వాడే 12 వోల్టుల పవర్ సప్లై ఒకటి చాలు, వోల్టేజి సర్దే ప్రీసెట్ ఉన్నది చూసుకుని 12.6కి తిప్పుకోండి, 12ఏఎక్స్7 4, 5 పిన్నుల మధ్య ఇవ్వండి, ఒక్కో వాల్వు 0.15 ఆంపియరే లాగుతుంది. గోడ వోల్టేజి 200 అయినా 245 అయినా అది కదలదు కాబట్టి లైను చివరి ఇళ్లవాళ్లకి ఇది రెండు రకాలా లాభం. ఉన్న 6.3 ఏసీ వైండింగ్‌నే డయోడ్లు, కెపాసిటర్ వేసి డీసీ చేసుకుందామంటే ఒకటి గుర్తుంచుకోండి, ఒక ఆంపియర్ డీసీ కావాలంటే వైండింగ్ మీద 1.7 ఆంపియర్ల దాకా భారం పడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నా వాల్వు మార్చి చెడగొట్టుకునేవాళ్లూ ఉన్నారు. 6ఎల్6 జత హీటర్లకి 1.8 ఆంపియర్లు చాలు, వాటి బదులు ఈఎల్34లు పెడితే 3 ఆంపియర్లు. చిన్న వాల్వుల్లో రష్యన్ 6ఎన్1పీ ఒక్కోటి 0.6 లాగుతుంది, 12ఏఎక్స్7కి రెట్టింపు. రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే వాల్వు)గా 5వై3 ఉన్న సెట్టుకి 2 ఆంపియర్ల 5 వోల్టుల వైండింగ్ ఉంటుంది, అందులో 3 ఆంపియర్ల 5యూ4 పెట్టొద్దు. చుట్టించేటప్పుడే రేపు ఏ వాల్వు వేసుకోవాలనుకుంటున్నారో ఆలోచించి ఆ కరెంటు రాయండి, ఒక ఆంపియర్ ఎక్కువ రాసినా నష్టం లేదు. కాకపోతే మరీ రెట్టింపు రాస్తే లోడు తక్కువై వోల్టేజి పైనే నిలబడుతుంది, అదీ చూసుకోవాలి.

సరే, ఎవరికి ఏది? టౌన్లో ఉండి, రాత్రిళ్లు 240 చూసేవాళ్లు 225, 240 ట్యాపులతో ఇక్కడే చుట్టించుకోండి, మంచి మేస్త్రీ దొరికితే దీన్ని మించింది లేదు. చైనా కిట్ ఉన్నవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ మార్చే తొందర పెట్టుకోకుండా బకింగ్ పెట్టె కట్టుకోండి. పల్లెలో లైను చివర ఉన్నవాళ్లు ముందు సర్వో స్టెబిలైజర్ గురించి ఆలోచించండి, ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత. మైక్ సెట్ అంగడివాళ్లు తెలిసినవాళ్లయితే అటక ఎక్కి చూసి రావడంలో తప్పులేదు.

ఏది తెచ్చుకున్నా, మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు వాల్వులు పెట్టకుండా, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వరసలో పెట్టి స్విచ్ వేయండి. బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతే లేదా మసగ్గా ఉంటే పర్వాలేదు, నిండుగా వెలిగితే లోపల షార్ట్ ఉంది. తర్వాత బల్బు తీసేసి, హీటర్ వైండింగ్‌కి మాత్రమే లోడు పెట్టి రెండు గంటలు వదిలేయండి. 6.3 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లంటే ఒకటిన్నర ఓమ్, 50 వాట్ల రెసిస్టర్ సరిపోతుంది, అది కూడా బాగా కాలుతుంది కాబట్టి ఒక రేకు మీద పెట్టండి. ఈ రెండు గంటలూ గోడ వోల్టేజి, హీటర్ వోల్టేజి పక్కపక్కన రాసుకోండి. చివర్లో స్విచ్ ఆపి కోర్ మీద అరచెయ్యి పెట్టి చూడండి, తీయకుండా పది లెక్కపెట్టగలిగితే చాసిస్‌కి బోల్టులు బిగించుకోవచ్చు.